అడుగుకు మూడు మిల్లీమీటర్లు

స్కేలు ఈ రోజు తేలిపోయింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీదున్న పాత రైలువంతెన హేవలాక్‌కు నేను కట్టబోయే నమూనాలో, అసలు వంతెన అడుగుకు 3 మిల్లీమీటర్లు, అంటే 1:101.6. ఇక మార్చేది లేదు.

ఇన్నాళ్లూ తేలకపోవడానికి కారణం పట్టాలే. బజారులో సులువుగా దొరికే మోడల్ ట్రాకు వెడల్పు 16.5 మి.మీ. అది 1:87 స్కేలులో, అంటే అడుగుకు మూడున్నర మి.మీ. లెక్కన, చాలా దేశాల్లో రెండు పట్టాల మధ్య ఉండే దూరానికి, అంటే 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు, సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ ఐదున్నర అడుగులు. అదే స్కేలులో దానికి 19.25 మి.మీ. కావాలి. 16.5 ట్రాకు మీద మన రైలుపెట్టెను నిలబెడితే కింద పట్టాలు ఇరుకుగా, పెట్టె ఒరిగిపోతుందేమో అన్నట్టుగా ఉంటుంది. చాలామంది సర్దుకుపోతారు. రాజమండ్రిలో రైళ్లు చూస్తూ పెరిగిన నాకు మనసొప్పలేదు.

పొద్దున కాఫీ తాగుతూ లెక్కను తిరగేశాను. స్కేలుకు తగ్గ పట్టాల కోసం వెతికే బదులు, దొరికే పట్టాలకు తగ్గ స్కేలు పెట్టుకుంటే? 16.5ను 5.5తో భాగించాను. సరిగ్గా 3 వచ్చింది, శేషం లేదు! ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఈ స్కేలులో మన ఇంజన్లు, పెట్టెలు కొనడానికి దొరకవు, అన్నీ చేత్తో కట్టుకోవాల్సిందే. అదీ నాకు ఇష్టమే.

అడుగుకు 3 అంటే అంగుళానికి పావు మిల్లీమీటరు. పట్టాల కింద అడ్డంగా వేసే 9 అడుగుల చెక్క స్లీపరు 27 మి.మీ., దాని 10 అంగుళాల వెడల్పు రెండున్నర, 5 అంగుళాల మందం ఒకటింబావు. అన్నీ నోటిలెక్కలే. 1900లో రైళ్లు నడవడం మొదలైన ఆ వంతెన లెక్కలన్నీ అడుగులూ అంగుళాలే కదా. ఒక్కో స్పాను, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం, 150 అడుగులు, నా బల్ల మీద 450 మి.మీ. మొత్తం 56 స్పాన్లూ కడితే, స్తంభాల మందం కలపకుండానే 25 మీటర్లు దాటుతుంది.

"ఎన్ని కడతావురా?" అన్నారు నాన్నగారు.

"మూడు, నాన్నగారూ. బల్ల అంతవరకే."

"మూడైనా చాలు. స్తంభాలు మాత్రం రాతికట్టులాగే కనిపించాలి."

మధ్యాహ్నం ఒక మిత్రుడు, అడుగుకు 4 మి.మీ. లెక్కన తాను గీసుకున్న గర్డర్ (స్తంభాల మీద ఆనే ఉక్కు దూలం) బొమ్మ ఇచ్చి, 75 శాతానికి జెరాక్స్ తీయించుకుంటే చాలన్నాడు. పొడవులకు చాలు, మందాలకు చాలదు. అరంగుళం ఉక్కురేకు అతని స్కేలులో 0.17 మి.మీ. అంత పలచటి అట్ట నిలవదు కాబట్టి దాన్ని అర మిల్లీమీటరు చేసి గీశాడు. అతని నమూనాకు అది సబబే. దాన్ని 75 శాతానికి తగ్గిస్తే 0.375 వస్తుంది, నాకు కావాల్సింది 0.125. రేకు మూడు రెట్లు లావెక్కి, గర్డర్ మొద్దుగా తయారవుతుంది. అందుకే ఒక నమూనా కొలతల నుంచి ఇంకో నమూనా కొలతలు తీయకూడదని నా పట్టుదల. ప్రతిసారీ అసలు వంతెన దగ్గరికే పోవాలి. 0.125 అంటే ఇంచుమించు మామూలు కాగితం మందం. లోపల అట్ట పెట్టి, బయటికి కనిపించే అంచులను మాత్రం పలచటి జిగురు పట్టించిన కాగితంతో చేస్తాను. ఒక ముక్క కోసి చూశాను. ఆరాక రేకులా బిగుసుకుంది, అంచు వాడిగా నిలిచింది.

మనుషుల బొమ్మల సంగతి మిగిలింది. ఐదున్నర అడుగుల మనిషి ఈ స్కేలులో 16.5 మి.మీ., సరిగ్గా పట్టాల మధ్య దూరమంత. 1:87 బొమ్మ 19 మి.మీ. దాటుతుంది, పక్కన పెడితే ఆరడుగుల పైచిలుకు మనిషి అవుతాడు. ఆర్కిటెక్చర్ విద్యార్థులు వాడే 1:100 బొమ్మలు తెచ్చుకుంటే తేడా పావు మిల్లీమీటరే, అంటే అసలు మనిషిలో అంగుళం. గ్యాంగ్‌మన్లలో అంగుళం అటూ ఇటూ ఉండేవాళ్లు ఉండరా? రేపు ఒక పొట్లం కొని, ఖాకీ రంగు వేయాలి.