కోడాన్లకూ గణవిభజన ఉంది

తార్నాకలో మా పై అంతస్తులో ఉండే అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ అనే ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే రాయబారి ఆర్‌ఎన్‌ఏలోని ఒక ముక్కను నేను సాధనకు ఇస్తే, ఆదివారం నోట్‌బుక్ తెచ్చి, "చార్టు చూసే రాశానాంటీ, ఐదు అమైనో ఆమ్లాలకే ఆగిపోయింది" అని చూపించింది.

నేనిచ్చిన వరుస ఇది: ఏసీఏసీసీఏయూజీజీయూజీసీఏయూసీయూజీఏసీయూసీసీయూజీఏజీ. ఇందులో ఏ, సీ, జీ, యూ అనే అక్షరాలను మూడేసి చొప్పున చదవాలి; ఆ మూడక్షరాల ముక్కే కోడాన్, ఏ కోడాన్‌కు ఏ అమైనో ఆమ్లమో చార్టు చెబుతుంది. ఆమె మొదటి అక్షరం నుంచే విడగొట్టి ఏసీఏకు థ్రియోనిన్, సీసీఏకు ప్రోలిన్, యూజీజీకి ట్రిప్టోఫాన్, యూజీసీకి సిస్టీన్, ఏయూసీకి ఐసోల్యూసిన్ అని రాసింది. ఆ వెంటనే గొలుసును అక్కడితో ఆపేయమనే యూజీఏ అనే సమాప్తి కోడాన్ వచ్చింది. చార్టు చూడటంలో ఒక్క పొరపాటూ లేదు, మొదలుపెట్టిన చోటే తప్పు.

తెలుగు తరగతిలో ఉత్పలమాలకు గణవిభజన చేసేటప్పుడు ఒక్క అక్షరం వదిలేసి మొదలుపెడితే భ, ర, న, భ, భ, ర, వ వస్తాయా అని అడిగాను. గురులఘువులు రెండే కనుక మూడక్షరాల గణాలు 8, ఇక్కడ అక్షరాలు నాలుగు కనుక కోడాన్లు 64. విడగొట్టే క్రమశిక్షణ మాత్రం ఒక్కటే. మన కణాల్లో ప్రోటీన్లు తయారు చేసే రైబోజోమ్ చిన్న ఉపప్రమాణం ఆర్‌ఎన్‌ఏ 5' కొన (మొదటి కొన) నుంచి వెతుక్కుంటూ వచ్చి, సాధారణంగా మొదట తగిలిన ఏయూజీ దగ్గర చదువు ప్రారంభిస్తుంది.

ఈ విషయాన్ని నాకు బాగా పట్టించినవి శాస్త్రవేత్త హర్ గోబింద్ ఖొరానా ప్రయోగాలు. 1961లో శాస్త్రవేత్తలు నిరెన్‌బర్గ్, మథాయి వాడిన ఆర్‌ఎన్‌ఏలో ఉన్నవన్నీ యూలే కనుక ఎక్కడ మొదలైనా ఫినైల్ అలనైనే వస్తుంది. కానీ ఖొరానా బృందం ఏఏజీని పదే పదే పేర్చినప్పుడు, మొదలైన చోటును బట్టి లైసిన్, ఆర్జినిన్, గ్లుటామిక్ ఆమ్లం అనే మూడు వేర్వేరు గొలుసులు వచ్చాయి. ఖొరానాకు 1968 నోబెల్‌లో భాగం దక్కింది.

అమ్మాయి మళ్ళీ ఏయూజీ నుంచి గీతలు గీసి మెథియోనిన్, వాలిన్, హిస్టిడిన్, ల్యూసిన్, థ్రియోనిన్, ప్రోలిన్, గ్లుటామిక్ ఆమ్లం అని రాసింది. మొదటి మెథియోనిన్ తరువాత తెగిపోతుంది కాబట్టి గ్లుటామిక్ ఆమ్లానిది ఆరో స్థానం. ఆదిలాబాద్ గోండు కుటుంబాల్లోనూ కనిపించే సికిల్ సెల్ వ్యాధికి మూలమైన మార్పు సరిగ్గా అక్కడే ఉందని చెప్పి, జీఏజీలోని ఏను యూగా మార్చమన్నాను. ఆమె పెన్సిల్‌తో దిద్ది, చార్టు తెరవకుండానే, "జీయూజీ అంటే వాలిన్, ఇందాక ఏయూజీ పక్కనే ఉందిగా ఆంటీ" అంది.