అమ్మ మాట మళ్లీ వినిపించింది

మూడు రోజులుగా వీడియో కాల్‌లో అమ్మ పెదవులు కదులుతున్నాయి కానీ మాట వినపడటం లేదు, అదే ల్యాప్‌టాప్‌లో పాటలు మాత్రం శుభ్రంగా వస్తున్నాయి కాబట్టి స్పీకర్ పోలేదని అర్థమైంది. టెన్షన్‌తో సౌండ్ డ్రైవర్ (శబ్దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేశాను. లాభం లేదు. చివరికి విండోస్ 11 సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్, అందులో వాల్యూమ్ మిక్సర్ తెరిస్తే కాల్ యాప్ ఒక్కదాని అవుట్‌పుట్ (శబ్దం వెళ్లే చోటు) మాత్రం హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపిన మానిటర్ మీద ఉంది, ఆ మానిటర్‌కి అసలు స్పీకర్లే లేవు! (కాల్ నడుస్తుండగానే చూడండి, లేకపోతే యాప్ పేరు అక్కడ కనిపించకపోవచ్చు.) దాన్ని డిఫాల్ట్‌కి, అంటే పాటలు వస్తున్న ల్యాప్‌టాప్ స్పీకర్‌కి, మార్చగానే అమ్మ గొంతు, "ఇప్పుడు వినపడుతోందా నాన్నా? అన్నం తిన్నావా?" కళ్లలో నీళ్లు తిరిగాయి. గంటన్నర మాట్లాడుకున్నాం.