మూడో బ్యాచ్ కూడా ‘నో పెయిన్’ దగ్గరే బోల్తా

మా మేడ మీద ఇంగ్లీషు కథల క్లాసు పెడతాను, ప్రతి బ్యాచ్‌కీ ఒకే కథ చదివి వినిపిస్తాను. నిన్న ఆదివారం మళ్ళీ ఆ కథలో అదే లైను దగ్గర బోల్తా పడ్డాం. మొదటి బ్యాచ్‌లో పదకొండు మందికి పదకొండు మందీ, రెండోదాంట్లో ఎనిమిదికి ఏడుగురు, ఇప్పుడు తొమ్మిదికి ఎనిమిది మంది దాని అసలు అర్థం పట్టుకోలేదు. నాకైతే చిరాకు ఇంకా దిగలేదు.

కథ డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ ‘ద మంకీస్ పా’, 1902 నాటిది. చదవనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ముగింపు చెప్పేస్తున్నాను. కోతి పాదం మూడు కోరికలు తీరుస్తుందంటే ముసలి వైట్ 200 పౌండ్లు కోరుకుంటాడు. మర్నాడు కొడుకు హెర్బర్ట్ పనిచేసే కంపెనీ నుంచి ఒకాయన వస్తాడు. గేటు దాకా వచ్చి మూడుసార్లు ఆగి, మళ్ళీ ముందుకు నడిచి, నాలుగోసారి గేటు మీద చెయ్యి వేస్తాడు. అక్కడ మా మేడ మీద చీమ చిటుక్కుమంటే వినబడేట్టుంది. మొబైల్ షాపు కుర్రాడు “అప్పులాయనేమో మాస్టారూ” అని గొణిగాడు. తెలుగులో అన్నా నాకు ఆనందమే.

తల్లి “దెబ్బ తగిలిందా?” అని అడుగుతుంది. జవాబు: “బ్యాడ్లీ హర్ట్, బట్ హీ ఈజ్ నాట్ ఇన్ ఎనీ పెయిన్.” అక్కడ ఆపాను. గుండెలు జారాలి కదా? “హమ్మయ్య” అన్నారు. కథలో తల్లి కూడా ముందు “థాంక్ గాడ్” అనే అంటుంది, అంటూ అంటూ మధ్యలో ఆగిపోతుంది. ఆవిడకి వెలిగింది, మావాళ్ళకి వెలగలేదు. ఆ తర్వాత “కాట్ ఇన్ ద మెషినరీ” (యంత్రంలో ఇరుక్కుపోయాడు) రాగానే ఒకమ్మాయి, “పోలీసులు పట్టుకున్నారా?” అంది. ఇక టెన్షన్ ఎక్కడిది!

మొదటి బ్యాచ్‌లో తప్పు మాటలదే అనుకుని, రెండో బ్యాచ్‌కి 14 పదాల పట్టీ ముందే ఇచ్చాను. వృథా. ఆ లైనులో తెలియని మాట ఒక్కటీ లేదు. నిన్న ఒకతను ఆ లైనుని ఫోన్‌లో ఫొటో తీసి అనువాదం చేయించాడు. “తీవ్రంగా గాయపడ్డాడు, కానీ అతనికి నొప్పి ఏమీ లేదు” అని వచ్చింది. అందులో తప్పేం లేదు. అది చదివి కూడా “హమ్మయ్య” అనే అన్నాడు. అంటే గొడవ ఇంగ్లీషుతో కాదు!

వేగమేమో అని ఫోన్‌లో కొలిచాను. ఇదివరకు నిమిషానికి 140 మాటలు చదివేవాణ్ణి, నిన్న 95కి దించాను. లైను తర్వాత 3 సెకన్లు ఆగేవాణ్ణి, నిన్న 8 సెకన్లు ఆగాను. ఆ 8 సెకన్లలో ఒకాయన మంచినీళ్ళు తాగాడు.

ఇప్పుడు నా అనుమానం ‘బట్’ మీద. “గట్టిగానే తగిలింది, కానీ...” అని ఎవరైనా మొదలెడితే తర్వాత వచ్చేది మంచి కబురే అని చెవి ముందే సిద్ధపడుతుంది. దానికి తోడు, తల్లికి అర్థమైందని చెప్పే వాక్యం ఉంది చూశారూ, సినిస్టర్, అష్యూరెన్స్, డాన్డ్ అపాన్, కష్టమైన మాటలన్నీ అందులోనే. తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టుంది.

నిన్న పట్టుకున్న ఒక్కరూ ఒక స్టాఫ్ నర్సు. కాగితం ఒళ్ళో పెట్టుకుని మెల్లగా “పోయాడు” అంది. ఎలా తెలిసిందమ్మా అంటే, “అంత దెబ్బ తగిలాక నొప్పి లేదంటే ఇంకేం మిగిలింది మాస్టారూ” అంది. నా పట్టీలూ సెకన్లూ అన్నీ దండగ అనిపించింది.

కొడుకు పోయినందుకు కంపెనీ ఇచ్చే నష్టపరిహారం సరిగ్గా 200 పౌండ్లే అన్నది అందరూ పట్టేశారు. మూడో కోరిక ఏమిటో కథలో ఎక్కడా రాయలేదు, అదీ నిమిషంలో చెప్పేశారు. (200 పౌండ్లంటే ఇప్పటి మారకం రేటు లెక్కన ఇరవై వేల పైచిలుకు రూపాయలు. “ఇంతేనా!” అని పన్నెండు నిమిషాలు చర్చ.)

ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ స్టేజ్ 1 వాడమని ఒక మిత్రుడి సలహా. ఈ కథనే 400 మూలపదాలతో తిరగరాసిన పుస్తకం, కొత్తవాళ్ళకి మంచిదే. నాకు మాత్రం ఒరిజినలే కావాలి, కొంచెం కత్తిరించుకున్నా సరే. జేకబ్స్ 1943లో పోయాడు కాబట్టి జిరాక్సుకి కాపీరైట్ బాధ లేదు.

వచ్చే బ్యాచ్‌కి ఆ లైను పేజీ చిట్టచివర పడేట్టు అచ్చు మారుస్తాను. ఇప్పుడది పేజీ మధ్యలో ఉంది, నేను ఆగినా కళ్ళు ఆగడం లేదు. ఒకవైపే ప్రింటు, అక్షరం సైజు 14. రెండువైపులా తీస్తే పల్చటి కాగితంలోంచి వెనక పేజీ కనబడిపోతోంది. పేజీ తిప్పేముందు తలా ఒక చీటీ ఇస్తాను: “ఇంత దెబ్బ తగిలినవాడికి నొప్పి ఎప్పుడుండదు?” జవాబు నోట్లో పెట్టినట్టవుతుందేమోనని భయం ఉంది. అయినా ఒకసారి చూడాలి.

ఈ బ్యాచ్‌తో తర్వాత సాకీ అనే రచయిత కథ ‘ది ఓపెన్ విండో’. ఆఖరి వాక్యంలో ‘రొమాన్స్’ అని ఉంది. అక్కడ దాని అర్థం కట్టుకథ. మావాళ్ళు ప్రేమకథ వైపు పరిగెత్తడం ఖాయం. నర్సుకి ఆ ఆదివారం నైట్ డ్యూటీ అట, ఈసారి ముందే చెప్పేసేవాళ్ళు ఉండరు.