డబ్బా మీద స్టేషన్ నంబరు

అమెరికాలో ఓ మధ్యతరహా ఆసుపత్రిలో క్యాన్సర్ రిజిస్ట్రీ పని నాది. ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చింది, ఏ స్టేజిలో దొరికింది, ఏం వైద్యం చేశారు, తర్వాత ఎలా ఉన్నారు అన్నవన్నీ రికార్డుల్లోంచి ఏరి నేషనల్ క్యాన్సర్ డేటాబేస్‌కి పంపుతుంటాం. మామూలు రోజుల్లో మా గదివైపు ఎవరూ తొంగిచూడరు. అక్రెడిటేషన్ గడువు దగ్గరపడితే మాత్రం ఆసుపత్రి అంతా మా గుమ్మంలోనే ఉంటుంది.

ఆ గుర్తింపు ఇచ్చేది కమిషన్ ఆన్ క్యాన్సర్. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 1922లో పెట్టింది. మూడేళ్లకోసారి రివ్యూయర్ చూసి వెళ్తారు. 2019 చివర్లో వీళ్లు ప్రమాణాలన్నిటినీ తిరగరాసి ‘2020 స్టాండర్డ్స్’ అని విడుదల చేశారు. చేతికి రాగానే నేను వెతికింది ఒక్కటే: సర్వైవర్‌షిప్ కేర్ ప్లాన్ ఉందా, పోయిందా అని. వైద్యం పూర్తయిన పేషెంట్‌కి మీకు ఇది చేశాం, ఇకమీదట ఇవి చూపించుకోండి అని రాసిచ్చే కాగితం అది. ఆలోచన మంచిదే. కానీ అర్హులైనవాళ్లలో సగం మందికి ఇచ్చి తీరాలని లెక్క పెట్టేసరికి నర్సులు డ్యూటీ అయ్యాక కూర్చుని పేజీలు నింపడం, పేషెంట్లు వాటిని మడిచి బ్యాగులో పెట్టుకోవడం, అంతే. కొత్త పుస్తకంలో ఆ నిర్బంధం తీసేసి, కోలుకున్నవాళ్లకి పనికొచ్చే సేవలు నడిపి ఏటా మూడింటి గురించి చెప్పమన్నారు. మా నర్సులు ఆ రోజు కేక్ తెచ్చారు, నిజంగానే.

ఐదో అధ్యాయం దగ్గర గొంతులో వెలక్కాయ పడింది. అప్పటిదాకా మా రుజువుల్లో ఎక్కువ భాగం మీటింగ్ మినిట్స్, పాలసీ ఫైళ్లే. ఇప్పుడు ఏకంగా ఆపరేషన్ ఎలా చేశారో అడుగుతున్నారు. రొమ్ము, మెలనోమా అనే చర్మ క్యాన్సర్, పెద్దపేగు, పురీషనాళం, ఊపిరితిత్తి కలిపి ఆరు ప్రమాణాలు. సర్జన్ చేతిపని సంగతి ఫైళ్లవాడు అడగాలన్నమాట.

2020లో కోవిడ్ వల్ల సైట్ విజిట్లు ఆగి కొంత వ్యవధి దొరికింది. 2021 జనవరి నుంచి పురీషనాళం, ఊపిరితిత్తి ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. మొదటిదానితో పేచీ లేదు, చుట్టూ ఉన్న కొవ్వు పొర చెక్కుచెదరకుండా వచ్చిందో లేదో, కోసి తీసిన ముక్కల్ని పరీక్షించే మా పాథాలజీ వాళ్లు ముందునుంచే రాస్తున్నారు. చిక్కంతా రెండోదానితోనే.

రూలు చూడ్డానికి చిన్నది. నయం చేసే ఉద్దేశంతో ఊపిరితిత్తి క్యాన్సర్ ఆపరేషన్ చేస్తే ఛాతీ మధ్యభాగంలో కనీసం మూడు వేర్వేరు స్టేషన్ల నుంచి, ఊపిరితిత్తి మొదట్లో కనీసం ఒక స్టేషన్ నుంచి లింఫ్ గ్రంథులు తీయాలి. ఏది ఏ స్టేషన్‌దో పాథాలజీ రిపోర్టులో కనబడాలి. స్టేషన్ అంటే లింఫ్ గ్రంథులు గుంపుగా ఉండే చోటు, ఒక్కోదానికి ఒక్కో నంబరుంటుంది. శ్వాసనాళం రెండుగా చీలే చోటికి కింద ఉన్నది 7, ఆ చీలికకి పైన, శ్వాసనాళం దిగువభాగానికి కుడిపక్కన ఉన్నది 4ఆర్. ఇవి చూడకుండా వదిలేస్తే జబ్బు అక్కడిదాకా పాకిందో లేదో తెలియదు. కీమో అవసరమైన మనిషిని తొలి స్టేజే అని ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది.

పాత రిపోర్టులు తీస్తే చాలావాటిలో ‘మీడియాస్టైనల్ లింఫ్ నోడ్స్’, అంటే ఛాతీ మధ్యభాగపు లింఫ్ గ్రంథులు, అని రాసి ఊరుకున్నారు. పాథాలజీ ల్యాబ్‌లో విజయవాడ ఆవిడ ఒకరున్నారు. వెళ్లి అడిగితే ఫార్మలిన్ డబ్బా ఒకటి తిప్పి చూపించారు. పేషెంట్ స్టిక్కర్ ఉంది, తేదీ ఉంది, కింద పెన్నుతో ‘నోడ్స్’. “మూడు చోట్లవీ కలిపి ఒకే డబ్బాలో వేసి పంపితే ఏది ఎక్కడిదో నాకు కలలోకి వస్తుందా తమ్ముడూ? వెళ్లి సర్జన్నే అడుగు” అన్నారు.

అడిగాను. “తీస్తూనే ఉన్నాను కదా, ఇన్నేళ్ల తర్వాత నంబర్లేసి చూపించాలా?” అన్నారాయన. తర్వాత అడిగిన ప్రశ్నలో మాత్రం న్యాయం ఉంది: ఎనభై దాటి, ఆయాసంతో ఉన్న మనిషిని ఇంకో స్టేషన్ కోసం బల్లమీద మరికాసేపు ఉంచడం మంచిదేనా అని. అందుకే కమిషన్ నూటికి నూరు కేసుల్లో అడగలేదు, మొదట 70 శాతం, ఆ తర్వాత 80 అన్నాను. కాస్త మెత్తబడ్డారు. అసలు పని కానిచ్చింది మాత్రం థియేటర్ నర్సు. కుడివైపు ఆపరేషన్‌కి ఒక వరస, ఎడమవైపుకి ఒక వరస నంబర్ల స్టిక్కర్లు అచ్చువేయించి, గ్రంథి చేతికి రాగానే “ఏ నంబరు డాక్టర్?” అని అడిగి అతికించేసేది. నోటితో చెప్పడానికి ఆయనకి ఏ అభ్యంతరమూ లేదు, రాయడానికే బద్ధకం.

2022లో మా సైట్ విజిట్ వీడియో కాల్‌లోనే జరిగింది. రివ్యూయర్ ఏడు ఊపిరితిత్తి రిపోర్టులు చూశారు. ఎడమవైపు ఆపరేషన్ ఒకదాంట్లో మధ్యభాగం స్టేషన్లు రెండే ఉన్నాయి. దాని దగ్గర ఆగి రెండోసారి చదువుతుంటే టెన్షన్‌తో నా అరచేతులు తడిసిపోయాయి. మిగతావి సరిగ్గా ఉండడంతో గట్టెక్కాం.

మిగిలిన నాలుగు ప్రమాణాలు 2023 జనవరి నుంచి వచ్చాయి. వీటికి సర్జన్ ఆపరేషన్ నోట్‌లోనే నిర్ణీత గడులు నింపాలి. రొమ్ము, పేగు సర్జన్లు మా సొంతవాళ్లే కాబట్టి టెంప్లేటు పెట్టాక దారికొచ్చారు. మెలనోమాతోనే ఇంకా తంటా. క్యాన్సర్ మచ్చ లోతు 2 మిల్లీమీటర్లు దాటితే చుట్టూ 2 సెంటీమీటర్ల మేర తీశారని నోట్‌లో ఉండాలి. ఆ ఆపరేషన్లు చేసేది నెలకోసారి వచ్చిపోయే ప్లాస్టిక్ సర్జన్లు. టెంప్లేటు ఉందన్న సంగతే వాళ్లలో సగం మందికి తెలియదు. అందుకే వాళ్ల కేసు పడిన రోజు పొద్దున్నే థియేటర్‌కి ఫోన్ చేసి గుర్తుచేస్తుంటాను.