కర్ర విల్లు పట్టుకుని తండ్రి దగ్గరికి: 1 నీఫై 16:23 ధ్యానం

మోర్మన్ గ్రంథంలోని మొదటి పుస్తకం 1 నీఫై. అందులో కుటుంబంతో యెరూషలేము విడిచి వెళుతుండగా, అరణ్యంలో నీఫై ఉక్కు విల్లు విరిగింది. అన్నల విల్లులు అప్పటికే బిగువు పోయి పనికిరాకుండా ఉన్నాయి. వేట లేదు, ఇంటిల్లిపాదీ పస్తు. అన్నలు లేమన్, లెముయెల్ సణగడం కొత్తేమీ కాదు. అయితే 20వ వచనం ఒక చేదు నిజాన్ని దాచకుండా చెబుతుంది. ప్రవక్త అయిన తండ్రి లీహై కూడా ప్రభువు మీద సణిగాడు.

ఆ తర్వాత వచ్చే 23వ వచనాన్ని నెమ్మదిగా చదవాలి. నీఫై కర్రతో విల్లు చేసుకున్నాడు, తిన్నని పుల్లతో బాణం చేసుకున్నాడు, ఒడిసెల, రాళ్లు పట్టుకున్నాడు. అంతా సిద్ధం చేసుకున్నాక తండ్రి దగ్గరికి వెళ్లి, ఆహారం కోసం ఏ వైపు వెళ్లాలని అడిగాడు. తండ్రి తప్పులో ఉన్నాడని అతనికి తెలుసు. అయినా అడిగాడు. అలాగని తండ్రి చెప్పేదాకా చేతులు కట్టుకుని కూర్చోనూ లేదు.

మోర్మన్ గ్రంథాన్ని లేఖనంగా నమ్మే కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో ఉన్నవారిని ఎప్పుడో ఒకప్పుడు వేధించే ప్రశ్నకు ఈ ఒక్క వచనంలో ఎంతో వెలుగుంది. నాయకుడి మాట ఒకవైపు, నా మనస్సాక్షి మరోవైపు లాగుతుంటే ఏం చేయాలి?

దీన్ని విధేయతకూ తిరుగుబాటుకూ మధ్య పోటీగా చూస్తే నీఫై కథ అర్థం కాదు. లేమన్ కూడా విధేయుడే కదా! యెరూషలేము విడిచాడు, లేఖనాలు చెక్కిన పలకల కోసం వెనక్కి వెళ్లాడు, ఎడారి అంతా నడిచాడు. కాళ్లు నడిచాయి గాని అతను దేవుణ్ణి అడగలేదు. తండ్రి మాటలు అంతుబట్టడం లేదని అన్నలు వాదులాడుకుంటుంటే, 15వ అధ్యాయం 8వ వచనంలో నీఫై ఒకే ప్రశ్న వేశాడు: ప్రభువును అడిగారా? అడగలేదు, ఆయన మాకు తెలియజేయడు అన్నారు వాళ్లు. నీఫై మాత్రం 2వ అధ్యాయంలోనే మొరపెట్టుకుని, హృదయం మెత్తబడి, తండ్రి మాటలు నమ్మానని రాసుకున్నాడు. నమ్మకం అతనికి వారసత్వంగా రాలేదు, అడిగి తెచ్చుకున్నాడు. అందుకే తండ్రి తడబడిన రోజున కొడుకు విశ్వాసం కూలలేదు.

సంఘ లేఖనాలు రెండు మాటలూ చెబుతాయి, రెంటినీ బలంగానే చెబుతాయి. ప్రత్యక్షతల సంపుటి అయిన ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’లో, 1830 ఏప్రిల్ 6న సంఘం ఏర్పడిన రోజే వచ్చిన 21వ ప్రకరణం, సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ మాటను ప్రభువు నోటి మాటగా, పూర్తి సహనంతోనూ విశ్వాసంతోనూ స్వీకరించమంటుంది. సహనం అన్న ఆ పదం ఊరికే పడలేదు. వినేవారికి కష్టమయ్యే సందర్భాలు వస్తాయని ప్రభువుకు ముందే తెలుసు. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో వచ్చిన 58వ ప్రకరణం, ప్రతిదానికీ ఆజ్ఞ కోసం ఎదురుచూసేవాడు సోమరి సేవకుడంటుంది. 1839 మార్చిలో లిబర్టీ చెరసాల నుంచి జోసెఫ్ రాసిన లేఖలోని మాటలే 121వ ప్రకరణమయ్యాయి. నచ్చజెప్పడం, దీర్ఘశాంతం, సాత్వికం, నిష్కపటమైన ప్రేమ, వీటితో తప్ప యాజకత్వం (దేవుని పేరిట సేవచేసే అధికారం) పేరు చెప్పి ఎవరిమీదా ప్రభావం చూపకూడదని అందులో ఉంది. కొంచెం అధికారం రాగానే దాదాపు మనుషులందరూ దాన్ని దుర్వినియోగం చేస్తారన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంది. ఆ హెచ్చరిక నాయకులకే. దాన్ని ముందు వాళ్లే కంఠతా పట్టాలి.

సంఘం రెండో అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ 1862 జనవరిలో ఒక భయం బయటపెట్టాడు. ప్రజలు నాయకుల మీద అతి నమ్మకంతో, ఈ నాయకుల్ని దేవుడే నడిపిస్తున్నాడా అని తమంతట తాము దేవుణ్ణి అడగడం మానేస్తారేమోనన్నది ఆ భయం. 1945 జూన్‌లో, వార్డు (స్థానిక సంఘం) బోధకులు ఇంటింటికీ తీసుకెళ్లే సందేశంలో, నాయకులు మాట్లాడాక ఇక ఆలోచన ముగిసినట్టే అన్న వాక్యం అచ్చయింది. ఇప్పటికీ కొందరు దాన్ని సిద్ధాంతంలా వల్లిస్తుంటారు. కానీ ఆ ఏడాది డిసెంబరులోనే సంఘ అధ్యక్షుడు జార్జ్ ఆల్బర్ట్ స్మిత్, అది సంఘం అభిప్రాయం కాదని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

అన్నిటికంటే బరువైన ఉదాహరణ యాజకత్వ నిషేధం. 1852 నుంచి 1978 జూన్ దాకా నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇవ్వలేదు, నల్లజాతి స్త్రీపురుషులకు ఆలయంలోని అత్యున్నత ఆశీర్వాదాలు దక్కలేదు. జేన్ మానింగ్ జేమ్స్ అనే నల్లజాతి సోదరి 1843లో, పడవ ఎక్కనివ్వకపోతే, కుటుంబంతో సహా వందల మైళ్లు నడిచి, అప్పట్లో సంఘానికి కేంద్రమైన నావూ పట్టణం చేరింది. 1847లో, సంఘం ఆ తర్వాత స్థిరపడిన సాల్ట్‌లేక్ లోయకు వచ్చింది. ఆలయ ఆశీర్వాదాల కోసం సంఘ అధ్యక్షుల్ని మళ్లీ మళ్లీ అడిగింది. కాదన్నారు. 1908లో విశ్వాసంలోనే కన్నుమూసింది. ఆమె తరఫున ఆలయ విధి 1979లో జరిగింది. నిషేధం తొలగాక, 1978 ఆగస్టులో అపొస్తలుడు బ్రూస్ మెకాంకీ, అంతకుముందు తాము పరిమితమైన అవగాహనతో మాట్లాడామని ఒప్పుకున్నారు. నిషేధాన్ని సమర్థించడానికి అల్లిన వాదాలను 2013 డిసెంబరులో సంఘమే త్రోసిపుచ్చింది. తండ్రి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ నీఫైకి దొరికినట్టు దారి దొరకదని జేన్ జీవితం చెబుతుంది. ఆమె ఓర్పును చూపించి ఇవాళ ఇంకొకరి నోరు మూయించడం మాత్రం తప్పు. ఆమె మౌనంగా లేదు, అడుగుతూనే ఉంది.

ఇక ఆచరణ. నాయకుడి మాట మనసుకు గుచ్చుకున్నప్పుడు మొదట అది ఏ రకం మాటో తేల్చుకోవాలి. లేఖనమా, ప్రథమ అధ్యక్షత్వమూ (సంఘ అధ్యక్షుడు, ఇద్దరు సలహాదారులు) పన్నెండుమంది అపొస్తలులూ కలిసి చేసిన ప్రకటనా, సంఘ నియమాల హ్యాండ్‌బుక్‌లోని నియమమా, వార్డును నడిపే బిషప్పుగారి సొంత అభిప్రాయమా? సగం గుబులు ఇక్కడే తీరిపోతుంది. సాధారణ హ్యాండ్‌బుక్ 2020 నుంచి అందరికీ అందుబాటులో ఉంది, తెరిచి చూసుకోవచ్చు. ఒకరి ప్రసంగంలోని ఒక వాక్యానికి సిద్ధాంతమంత బరువు ఉండదు. ఈ పదిహేనుమందీ బోధించేదే సిద్ధాంతమని అపొస్తలుడు నీల్ ఆండర్సన్ 2012 అక్టోబరు సమావేశంలో వివరించారు.

తర్వాత 1829 ఏప్రిల్‌లో జోసెఫ్ లేఖకుడు ఓలివర్ కౌడరీకి చెప్పిన పద్ధతి, 9వ ప్రకరణం. ముందు మనసులో బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి రావాలి. ఆ నిర్ణయం సరైనదేనా అని అడగాలి. సరైనదైతే గుండెలో వెచ్చదనం, కాకపోతే ఆలోచన మొద్దుబారడం. చాలామంది మొదటి మెట్టు దాటేసి నేరుగా అడుగుతారు. ఓలివర్ చేసిన పొరపాటూ అదే. ఇంకో చిక్కుంది. కోపంతో గుండె దడదడలాడినా వెచ్చగానే అనిపిస్తుంది. అందుకే ఆ నెలలోనే ఓలివర్‌కు వచ్చిన ఇంకో గుర్తును, 6వ ప్రకరణంలోని మనశ్శాంతిని, దీని పక్కన పెట్టి చూసుకోవాలి. నెల మొదటి ఆదివారం రెండు పూటల ఉపవాసాన్ని ఈ ఒక్క ప్రశ్నకే కేటాయించండి. జవాబు వచ్చిందనిపించినా మోర్మన్ గ్రంథంలోని మొరోనై 7:16 తో సరిచూడండి. అది మేలు చేయడానికీ క్రీస్తును నమ్మడానికీ పిలుస్తోందా?

వచ్చిన జవాబు ఎవరికోసమో కూడా ముఖ్యం. మీ జీవితానికీ, మీ ఇంటికీ, మీకిచ్చిన బాధ్యతకూ జవాబు మీకొస్తుంది. సంఘం మొత్తానికి రాదు. 1830లో తొలి సభ్యుల్లో ఒకడైన హైరం పేజ్ తన దగ్గరున్న ఒక రాయి ద్వారా సంఘానికంతటికీ ప్రత్యక్షతలు వస్తున్నాయని నమ్మినప్పుడు 28వ ప్రకరణం దిద్దింది ఈ హద్దునే.

కొన్ని విషయాల్లో ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. హింస జరిగే ఇంట్లో ఉండమని గాని, నేరాన్ని పోలీసులకు చెప్పొద్దని గాని ఏ నాయకుడూ సలహా ఇవ్వకూడదని సంఘం నియమాలే చెబుతున్నాయి. అలాంటి మాటకు విధేయత అవసరం లేదు. నాయకుడితో జరిగే వ్యక్తిగత ఇంటర్వ్యూలో మరో పెద్దవారు పక్కన ఉండాలని కోరే వీలూ 2018 నుంచి ఉంది.

హైదరాబాద్‌లో 2012లో స్టేకు (కొన్ని వార్డుల సమూహం) ఏర్పడింది. తెలుగు సభ్యులకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. పెద్దల మాట చద్దిమూట అని విని పెరిగినవాళ్లం. బిషప్పుగారి ఎదుట సందేహం చెప్పడమే ఎదురు మాట్లాడినట్టు అనిపిస్తుంది. అందుకని ఎదుట తలూపి, బయట చెట్టుకింద గొణుక్కుంటాం. అది లేమన్ పద్ధతి. బిషప్పు జీతం లేని సేవకుడు, పగలు ఇంకో ఉద్యోగం చేసుకునే మనలాంటి మనిషి. కార్యదర్శిని అడిగి సమయం తీసుకోండి. చదివిన వచనాలు, వచ్చిన నిర్ణయం కాగితం మీద రాసుకుని వెళ్లండి, మీ విల్లు అదే. మీరు తప్పు అని మొదలుపెట్టకుండా, ఈ విషయంలో నేను ఏ వైపు వెళ్లాలో తెలియడం లేదు, మీరూ ప్రార్థన చేస్తారా అని అడగండి. అక్కడికక్కడే జవాబు చెప్పమని పట్టుబట్టకండి, మళ్లీ ఎప్పుడు కలవాలో మాత్రం తేదీ అనుకుని రండి. లీహై కూడా ముందు వెళ్లి ప్రభువును అడిగాడు. గద్దింపు అతనికి ప్రభువు నుంచే వచ్చింది, ఆ పని కొడుకు చేయాల్సి రాలేదు.