కిర్కెనెస్ మంచు కింద కింగ్ క్రాబ్

కిర్కెనెస్ నార్వేకి ఈశాన్యపు కొసన ఉన్న చిన్న ఊరు. రష్యా సరిహద్దు పక్కనే కాబట్టి వీధుల పేర్లు రష్యన్‌లోనూ రాసి కనిపిస్తాయి. ఓస్లోలో చదువుకుంటున్న మా మేనకోడలూ నేనూ మార్చి నెలలో అక్కడ దిగాం. వెళ్ళింది ఎర్ర కింగ్ క్రాబ్ అనే పెద్ద సముద్రపు పీతని అది బతికే నీళ్ళలోంచి పైకి తీస్తుండగా చూడడానికే.

నీళ్ళలో పడ్డా తేలేటట్టు ఉండే దళసరి సూట్లు తొడిగించి, స్నోమొబైల్ వెనక కట్టిన బండిలో కూర్చోబెట్టి, గడ్డకట్టిన ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) మీదుగా తీసుకెళ్ళారు. ఒకచోట మంచు కోసి చేసిన గుంత ఉంది. మా గైడు దాని మీద పేరుకున్న పెచ్చు పగలగొట్టి తాడు లాగాడు. బోను పైకి వచ్చేసరికి నిండా ముళ్ళముళ్ళ డిప్పలు, ఒకదాని మీదొకటి. రంగు ఊదా కలిసిన ముదురు ఎరుపు. హోటల్ బొమ్మల్లో కనిపించే మెరిసే ఎరుపు ఉడికాకే వస్తుంది. బాగా ఎదిగిన మగది కాళ్ళు చాపితే మీటరున్నర దాటుతుంది, బరువు పది కిలోల దాకా తూగుతుంది. మాకు దొరికినవి అంతటివి కావు, అయినా రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే భుజాలు లాగేశాయి.

“మామయ్యా, కాళ్ళు లెక్కపెట్టు. మన పీతకి పది కదా, దీనికి ఎనిమిదే ఉన్నాయేంటి?” అంది మేనకోడలు.

పిల్ల బాగా పట్టుకుంది. అయిదో జత ఉంది కానీ చాలా చిన్నది, డిప్ప కింద మొప్పల దగ్గర దాగి ఉంటుంది. అసలు కింగ్ క్రాబ్‌లు మన మండపీతల వంశంవి కావు. భీమిలి ఇసుకలో ఖాళీ నత్తగుల్లల్లో దూరి నడిచే హెర్మిట్ క్రాబ్‌లున్నాయే, వాటి చుట్టాలు. 1992లో డీఎన్‌ఏ పోల్చి పరిశోధకులు ఈ సంగతి చూపించారు. ఆడ పీతని వెల్లకిలా తిప్పి గైడు మాకో గుర్తు చూపించాడు: పొట్ట కింది మడత ఒక పక్కకి ఒరిగి ఉంది. మెలితిరిగిన గుల్లల్లో తలదాచుకున్న పూర్వీకుల ఒళ్ళు ఇంకా అలా మిగిలింది. గుల్ల వదిలేసి తన డిప్పనే గట్టి చేసుకుని ఇంత పెద్దదైన ప్రాణి అది. ఆ చలిలో అది నా చేతుల్లో మెల్లగా కదులుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

ఈ కుటుంబమంతా చన్నీళ్ళదే. నీలి రకం బేరింగ్ సముద్రంలో ప్రిబిలోఫ్ దీవుల చుట్టూ ఉంటుంది. బంగారు రకం అల్యూషన్ దీవుల దగ్గర బాగా లోతుల్లో తిరుగుతుంది. దక్షిణ అమెరికా కొసన, టియెర్రా దెల్ ఫ్యూగో నీళ్ళలో దొరికేదాన్ని అక్కడివాళ్ళు సెంతోయా అంటారు. ఎర్రది వసంతంలో జతకట్టడానికి ఒడ్డు దాపుకి వస్తుంది, తర్వాత వందల మీటర్ల లోతుకి దిగిపోతుంది. ఆడది గుడ్లని పొట్ట కింద దాదాపు ఏడాది పాటు మోస్తుంది.

అయితే ఎర్రదాని పుట్టిల్లు ఈ సముద్రం కాదు, ఉత్తర పసిఫిక్. 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు తమ దేశపు తూర్పు తీరం నుంచి దాన్ని తెచ్చి, నార్వేకి దగ్గర్లోని తమ రేవు పట్నం మూర్మాన్స్క్ దగ్గర వదిలారు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన లార్వాలే సుమారు 15 లక్షలు, వాటితో పాటు పిల్ల పీతలు, వేలల్లో పెద్దవి. తిండికీ వ్యాపారానికీ కొత్త సరుకు కావాలని చేసిన పని అది. పీతకి సరిహద్దు ఏం తెలుసు? 1977లో నార్వే వైపు వరాంగెర్ ఫ్యోర్డ్‌లో మొదటిసారి కనబడింది.

మర్నాడు బ్యుగోయ్నెస్ వెళ్ళాం. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఫిన్‌మార్క్ ప్రాంతాన్ని తగలబెట్టినా, ఈ ఊరి పాత చెక్క ఇళ్ళు మిగిలాయి. తర్వాత చేపల పని దెబ్బతిని, 1989లో ఊరివాళ్ళంతా కలిసి పత్రికలో ప్రకటన ఇచ్చారు: సుమారు మూడువందల మందిమి, మమ్మల్ని రమ్మనే చోటు ఎక్కడైనా ఉందా అని. అది విన్నప్పుడు నా గొంతు పట్టేసింది. అప్పట్లో ఈ పీత వాళ్ళకి తలనొప్పి. వలలు చింపేది, గాలాలకి కట్టిన ఎర తినేసేది. 2002లో నార్వే వాణిజ్య వేటకి అనుమతించాక కథ మారింది. ఇప్పుడు ఆ రేవులో పడవలకి ఇదే బతుకుతెరువు.

దీనికి ఫ్యోర్డ్ అడుగుభాగం మాత్రం మూల్యం చెల్లించింది. గుల్లచేపలు, నక్షత్ర చేపలు, బురదలో గుల్ల చేసుకు బతికే పురుగులు, ఏది దొరికితే అది ఈ పీత తినేస్తుంది. పీత గుంపులు తిరిగిన చోట పెద్ద సైజు జీవాలు బాగా తగ్గాయని వరాంగెర్‌లో పరిశోధనలు చూపాయి. అందుకే నార్వే సముద్రాన్ని 26 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర రెండుగా చీల్చి చూస్తుంది. తూర్పున కోటాలు పెట్టి, స్థానిక పడవలకి ఆదాయం నిలిచేలా పీతల్ని పెంచుకుంటుంది. పడమటన ఎన్నయినా పట్టొచ్చు. పట్టినదాన్ని ప్రాణంతో తిరిగి వదలడం నిషేధం. ఒకే జీవిని ఒకవైపు కాపాడుతూ ఇంకోవైపు తరమడమేమిటని మొదట అనిపించింది. బ్యుగోయ్నెస్ రేవు చూశాక ఇంతకంటే న్యాయమైన దారి నాకు తట్టలేదు. పడమటన లోఫోటెన్ దీవుల దాకా ఉన్న కాడ్ చేపల నీళ్ళకి ఈ పీత పాకకుండా ఆ గీతని గట్టిగా కాయాలనే నా కోరిక.