అధిక మాసం లేని క్యాలెండర్

వరసగా మూడేళ్లు ఉగాదీ రంజాన్ పండగా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, మర్నాడే మాకిక్కడ డాలస్‌లో ఈద్. 2025లో మార్చి 30న ఊళ్లో ఉగాది, ఇక్కడ ఈద్. అనంతపురంలో మా అమ్మావాళ్లకు ఈద్ ఇంకో రోజు ఆగి వచ్చింది. 2026లోనూ మార్చి 19న ఉగాది, వెంటనే ఈద్.

మేం దూదేకులం, ఇంట్లో మాట తెలుగే. గుంటూరు నుంచి వచ్చిన పక్కింటివాళ్లు ఉగాది పచ్చడి పంపితే, రోజాలో ఉన్నాం కాబట్టి గిన్నె మీద మూతపెట్టి ఇఫ్తార్ దాకా ఆగాం. ఖర్జూరం తిన్న నోట్లో వేపపువ్వు పడగానే మా చిన్నోడి ముఖం చూడాలి!

"ఎప్పుడూ ఇలా కలిసే వస్తాయా నాన్నా?" అంది మా అమ్మాయి. రావు. మన పంచాంగానికీ, ముస్లింల క్యాలెండర్ అయిన హిజ్రీకీ నెల మొదలయ్యేది అమావాస్య దాటాకే. పన్నెండు నెలలకు అటూ ఇటూగా 354 రోజులు. పంచాంగం దాదాపు మూడేళ్లకోసారి అధిక మాసం కలుపుకొని రుతువుల దగ్గరికి వచ్చేస్తుంది. నెలలు పన్నెండేనని, వాటిని ముందుకూ వెనక్కూ జరపొద్దని ఖురాన్ చెప్పింది గనక హిజ్రీ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూనే పోతుంది. 2026లో మే 17 నుంచి అధిక జ్యేష్ఠం. అందుకే 2027 ఉగాది ఏప్రిల్ 7కు వెళ్తుంది, ఈద్ మార్చి 10 దగ్గరికి వచ్చేస్తుంది. కాగితం మీద రెండు వరసలు గీసి చూపిస్తే పిల్లకు పది నిమిషాల్లో పట్టుబడింది. దాంతో, "మనది ఏ క్యాలెండర్?" అని అడగడం మానేసింది. నాకు కావలసిందీ అదే.

మొహర్రం అంత తేలిగ్గా తేలలేదు. మసీదులో ఆదివారం క్లాసులో మా అమ్మాయి పీర్ల సంగతి చెబితే, అది ఇస్లాంలో లేదన్నారట. వాదించమని నేను చెప్పలేదు. మొహర్రం పదో రోజున, ఆషూరా నాడు, రోజా ఎందుకుంటారో అక్కడ నేర్చుకోనీ. మా అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరు ముందు హిందువులూ ముస్లింలూ కలిసి నిలబడి చక్కెర చదివింపులు ఎందుకు చేయిస్తారో మాత్రం నేనే చెప్పాలి. మా జిల్లాలో కుళ్లాయప్ప అన్న పేరు వింటే ఆ మనిషిది ఏ మతమో చెప్పలేం. అలాంటి చోటు నుంచి వచ్చామని పిల్లలకు చెప్పకుండా దాచడం నాకు అన్యాయంగా తోస్తుంది. వాళ్ల జేజి ఏటా అగ్నిగుండం దగ్గర నిలబడి దండం పెట్టుకునే మనిషి.

ఇప్పుడు మొహర్రం జూన్‌లో పడుతోంది, బడికి సెలవులు. ఇంకో మూడేళ్లు పోతే మే నెలలోకి, పరీక్షల్లోకి జారిపోతుంది. మళ్లీ వేసవి సెలవుల్లోకి వచ్చేసరికి వీళ్లకే పిల్లలుంటారు. అందుకే ఈసారి మొహర్రానికి ఊరికి అందరికీ టికెట్లు తీసేశాం.